హత్య కేసు ఎలా తయారవుతుంది: ఎ.కొండూరు స్టేషన్ నుంచి సెషన్స్ కోర్టు దాకా

కొట్లాట జరిగి ఊళ్లో మనిషి పోతే, రాత్రికల్లా ఎ.కొండూరు అడ్డరోడ్డు టీ కొట్ల దగ్గర ఒకటే మాట తిరుగుతుంది: "వాడి మీద 302 పెట్టారంట." 2024 జులై 1 నుంచి ఆ నంబరు మారింది. ఆ రోజు నుంచి జరిగిన హత్యలకు భారతీయ న్యాయ సంహితలోని 103(1) వర్తిస్తుంది. అంతకుముందు జరిగినవాటికి పాత ఐపీసీయే కాబట్టి, మన కోర్టుల్లో ఇంకా చాలా ఏళ్లు రెండు నంబర్లూ పక్కపక్కనే నడుస్తాయి. నంబరు మారడం చిన్న సంగతి. ఆ రాత్రి స్టేషన్లో రాసిన సెక్షనే ఆఖరి మాట అని రెండు వైపుల కుటుంబాలూ నమ్మేయడం పెద్ద సంగతి. చనిపోయినవాళ్ల ఇంట్లో ఇక శిక్ష ఖాయమనుకుంటారు. నిందితుడి ఇంట్లో బతుకు ముగిసిందనుకుంటారు. రెండూ తొందరపాటే.

ఒకరి చేతిలో ఇంకొకరి ప్రాణం పోయిన సంఘటన ఉరిశిక్ష దాకా వెళ్లొచ్చు, పదేళ్ల జైలుతో ఆగొచ్చు, ఐదేళ్ల లోపు తేలిపోవచ్చు, ఆత్మరక్షణ అని రుజువైతే అసలు నేరమే కాకుండా పోవచ్చు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో అంచెలంచెలుగా చూద్దాం. తీర్పు రాసేది జడ్జిగారే అయినా, ఆ తీర్పుకు కావలసిన సరుకంతా మొదటి ఒకటి రెండు రోజుల్లో నలుగురైదుగురు మామూలు మనుషులు రాసే, సంతకం పెట్టే కాగితాల్లోంచే వస్తుందని నా గట్టి నమ్మకం. అందుకే ఆ కాగితాల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా ఒక ఊహ. మండలంలో ఒక మామిడి తోట, వరసకు అన్నదమ్ములైన ఇద్దరు రైతులు, మధ్యలో గట్టు తగాదా. ఒక సాయంత్రం మాటామాటా పెరిగింది. చిన్నవాడు కర్రతో పెద్దవాడి తల మీద కొట్టాడు. తిరువూరు ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడినుంచి విజయవాడ పెద్దాసుపత్రికి పంపారు. ఆ కేసు ఏ మలుపులు తిరుగుతుందో గమనిద్దాం.

మొదటి అంచె ఫిర్యాదు కాగితం. గాయపడిన మనిషి ఇంకా బతికే ఉన్నాడు కాబట్టి ఎస్సైగారు హత్యాయత్నం కింద 109 సెక్షన్ వేయొచ్చు, తీవ్రంగా గాయపరిచిన సెక్షన్ వేయొచ్చు. అర్ధరాత్రి విజయవాడలో ప్రాణం పోతే అక్కడి నుంచి కబురు వస్తుంది, స్టేషన్ నుంచి మేజిస్ట్రేటుకు ఆల్టరేషన్ మెమో వెళ్తుంది, సెక్షన్ 103(1)కి మారుతుంది. అంటే సెక్షన్ మారడం మొదటి రాత్రే మొదలవుతుంది. తిరువూరు ప్రాంతానికి తెలంగాణ సరిహద్దు దగ్గరే. సంఘటన అవతలి ఖమ్మం వైపు జరిగినా, ఇక్కడి స్టేషన్‌కు వస్తే "మా పరిధి కాదు" అనడానికి వీల్లేదు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి. దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్లో ఆ మాటే చెబుతోంది. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. అడిగి తీసుకోండి.

ఫిర్యాదు రాసే ఆ పది నిమిషాల్లో జరిగే పొరపాటు కేసుల్ని ముంచుతుంది. చనిపోయినవాడి భార్య ఏడుస్తూ ఉన్నది ఉన్నట్టు చెబుతుంది: "గట్టు కాడ నువ్వెంతంటే నువ్వెంతనుకున్నారు సార్. మా మరిది కంచె కర్ర పీకి కొట్టాడు సార్." పక్కనున్న పెద్దమనిషి ఆమెను బయటికి తీసుకెళ్లి, "అట్టా చెప్తే కేసు నిలవదమ్మా. ఇంటికెళ్లి గొడ్డలి తెచ్చాడని చెప్పు. వాళ్ల నాన్న పేరు, బావమరిది పేరు కూడా రాయించు" అంటాడు. మేలు చేస్తున్నాననే అనుకుంటాడు. కానీ గొడ్డలి దెబ్బకు అంచులు తెగిన కోత గాయం పడుతుంది. కర్ర దెబ్బకు చర్మం నలిగి చిట్లుతుంది. పోస్టుమార్టంలో డాక్టరు రెండోది రాస్తారు. ఏడాదో రెండేళ్లో గడిచాక బోనులో ఆమెను నిలబెట్టి డిఫెన్స్ లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఒక్క అబద్ధం దగ్గర దొరికిపోయిన సాక్షి చెప్పిన పది నిజాల మీదా అనుమానం పడుతుంది. ఊళ్లో లేని బావమరిది సెల్‌ఫోన్ రికార్డులతో బయటపడితే, నిజంగా కొట్టినవాడు కూడా అదే తలుపు గుండా బయటికి నడిచిపోయే ప్రమాదం ఉంది.

రెండో అంచె సంఘటనా స్థలం. హత్య కేసు దర్యాప్తు మామూలుగా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చేతికి వెళ్తుంది. ఆయన ఇద్దరు మధ్యవర్తుల ఎదుట స్థలం చూసి రిపోర్టు రాయిస్తారు, రఫ్ స్కెచ్ గీయిస్తారు. రక్తం అంటిన మట్టి ఒక పొట్లం, పక్కనే రక్తం అంటని మట్టి ఇంకో పొట్లం కట్టి సీలు వేస్తారు, పోల్చి చూడడానికి. ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలని, సేకరణను వీడియో తీయాలని సురక్షా సంహిత 176(3)లో పెట్టింది. శవ పంచనామా 194 కింద వేరుగా జరుగుతుంది. చావుకు కారణం పైకి ఏమని కనిపిస్తోందో చెప్పి ఊరివాళ్లు సంతకాలు పెడతారు.

ఈ కాగితాల్లో ఒక్క వాక్యం మీద మన కేసు మొత్తం ఆధారపడి ఉంది: కర్ర ఎక్కడిది? తోట కంచెలో ఒక కర్ర లోటు ఉందని, ఆ గుంట కొత్తగా పీకినట్టు ఉందని మధ్యవర్తులు చూసి రాయిస్తే, కొట్టినవాడు ఒట్టి చేతులతో వచ్చాడని తేలుతుంది. అలా కాకుండా కర్ర చివర ఇనుప పొన్ను ఉండి, అది నిందితుడి ఇంటి నుంచి వచ్చిందని తేలితే, ముందే అనుకుని వచ్చాడనే వాదన బలపడుతుంది. ఈ రెండు గమనింపుల మధ్య యావజ్జీవానికీ, పదేళ్ల లోపు జైలుకూ ఉన్నంత దూరం ఉంది. అందుకే మధ్యవర్తిగా సంతకం పెట్టమని పిలిస్తే భయపడి తప్పుకోవద్దని, చూడకుండా స్టేషన్లో కూర్చుని సంతకం పెట్టొద్దని ప్రతి ఊళ్లోనూ చెప్పాలి. చూసింది రాయించండి, చదివి సంతకం పెట్టండి.

మూడో అంచె పోస్టుమార్టం. మనం సాధారణంగా డాక్టరు రిపోర్టులో చావుకు కారణం ఒక్కటే చూస్తాం. కోర్టు దానికన్నా శ్రద్ధగా చదివేది ఇంకో అభిప్రాయం: ఆ గాయం మామూలుగా ప్రాణం తీయడానికి చాలినదా, కాదా అని. దీని విలువ తెలియాలంటే మన పల్నాడులో జరిగిన ఒక కేసు చెప్పుకోవాలి. దేశంలో లా చదివే ప్రతి విద్యార్థీ చదివే కేసు అది.

1968 జులై 23. అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్ల గ్రామంలో రెండు వర్గాల మధ్య పగలు నడుస్తున్నాయి. ఒక వర్గం నాయకుడు, సుమారు 55 ఏళ్ల మనిషి, బస్సులో వెళ్తూ నెకరికల్లులో దిగాడు. ఎదుటి వర్గంవాళ్లు బరువైన కర్రలతో అతన్ని సత్రం దగ్గర పట్టుకున్నారు. వద్దని వేడుకుంటున్నా, చుట్టూ ఉన్నవాళ్లు వారిస్తున్నా, స్పృహ తప్పేదాకా కాళ్ల మీద, చేతుల మీద బాదారు. తల జోలికి పోలేదు, గుండె జోలికి పోలేదు. ఒంటి మీద 19 గాయాలు, చాలాచోట్ల ఎముకలు విరిగాయి. మర్నాడు తెల్లవారుజామున ప్రాణం పోయింది.

ఇది హత్యా? సెషన్స్ కోర్టు హత్యేనని ఇద్దరికి యావజ్జీవం వేసింది. హైకోర్టు కాదంది. ప్రాణం పోయే చోట ఒక్క దెబ్బా లేదు, కాళ్లు చేతులు విరగ్గొట్టాలనే వచ్చారు కాబట్టి పాత ఐపీసీలో హత్య కాని నరహత్యకు శిక్ష చెప్పే 304 రెండో భాగం కింద ఐదేళ్లు చాలంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ రాయవరపు పున్నయ్య కేసులో 1976 సెప్టెంబరు 15న జస్టిస్ సర్కారియా తీర్పు రాశారు. ముందే అనుకుని, బరువైన కర్రలతో, ముసలితనానికి దగ్గరపడ్డ మనిషిని, ఎముకలు నుగ్గయ్యేదాకా కొట్టారు. ఆ గాయాలన్నీ కలిసి మామూలుగా ప్రాణం తీయడానికి చాలినవేనని డాక్టరు చెప్పారు. ఆ గాయాలు చేయాలనే కొట్టారు తప్ప పొరపాటున తగిలినవి కావు. కాబట్టి చంపాలని నోటితో అనుకున్నారా లేదా అన్నది అక్కర్లేదు, ఇది హత్యే అని సెషన్స్ కోర్టు శిక్షను తిరిగి నిలబెట్టారు. ఈ సూత్రానికి పునాది 1958లో వచ్చిన విర్సా సింగ్ తీర్పు. పంజాబ్‌కు చెందిన ఆ కేసులో ఉన్నది కడుపులో ఒకే ఒక్క బల్లెం పోటు.

కాలూ చేయీ విరగ్గొట్టడమే తప్ప చంపే ఉద్దేశం లేదని చెప్పుకునే పాత పల్లె సమర్థనకు ఈ తీర్పు తలుపు మూసింది. చాలా మంచి పని చేసిందని నేననుకుంటాను. నెకరికల్లు సత్రం దగ్గర ఆ మనిషి అనుభవించిన బాధ గుండెలో కత్తి దిగిన బాధ కన్నా తక్కువదేమీ కాదు.

నాలుగో అంచెలో పున్నయ్య తీర్పు నేర్పిన జల్లెడ పని చేస్తుంది. దర్యాప్తు అధికారి, పబ్లిక్ ప్రాసిక్యూటర్, జడ్జి అందరూ మూడు ప్రశ్నలు ఈ వరసలోనే అడగాలి. నిందితుడు చేసిన పని వల్లే చావు వచ్చిందా? వస్తే అది నేరపూరితమైన నరహత్య కిందికి, అంటే న్యాయ సంహితలోని 100వ సెక్షన్ కిందికి వస్తుందా? వస్తే, 101లో హత్యకు చెప్పిన నాలుగు లక్షణాల్లో ఏదో ఒకటి ఉందా? చంపాలనే ఉద్దేశం ఒకటి. ఎదుటి మనిషికి జబ్బు ఉందనో, నీరసంగా ఉన్నాడనో తెలిసి, దెబ్బకు చస్తాడని ఎరిగి కొట్టడం రెండోది. మామూలుగా ప్రాణం తీయడానికి చాలిన గాయాన్ని కావాలని చేయడం మూడోది, పున్నయ్య కేసు ఇక్కడ పడింది. గురి ఎవరి మీదా లేకపోయినా, జనం చావడం దాదాపు ఖాయమని తెలిసీ ఏ కారణమూ లేకుండా అంత ప్రమాదకరమైన పని చేయడం నాలుగోది.

రెండో లక్షణం దగ్గర ఎ.కొండూరు వాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి. కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి కుంగిపోతున్న మండలం ఇది. డయాలసిస్ మీద బతుకుతున్నాడని తెలిసిన మనిషిని, ఆ దెబ్బకు తట్టుకోలేడని ఎరిగి కావాలని కొడితే, బలమైన మనిషికి ఏమీ కాని దెబ్బ కూడా హత్యగా మారొచ్చు. జబ్బు సంగతి తెలియకపోతే లెక్క వేరు.

నాలుగింటిలో ఒకటి తగిలినా పని అయిపోలేదు. ఐదు మినహాయింపులున్నాయి. హఠాత్తుగా తీవ్రంగా రెచ్చగొట్టడం, ఆత్మరక్షణలో హద్దు దాటడం, ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో మంచి నమ్మకంతోనే అధికారం మించడం, ముందస్తు ఆలోచన లేకుండా అప్పటికప్పుడు రేగిన కొట్లాట, పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి సమ్మతి. మన పల్లె కేసుల్లో ఎక్కువగా వాదనకు వచ్చేది నాలుగోది. అప్పటికప్పుడు రేగిన గొడవే అయినా, పడిపోయిన మనిషిని మళ్లీ మళ్లీ కొడితే, ఒట్టి చేతులవాడి మీద కత్తి దూస్తే ఆ మినహాయింపు దక్కదు.

ఉద్దేశాన్ని ఎలా కొలవాలన్న దానికి కూడా కొలబద్ద మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే దొరికింది. 2006లో పులిచెర్ల నాగరాజు కేసు తీర్పులో జస్టిస్ రవీంద్రన్ ఏమేం చూడాలో వరసగా చెప్పారు: ఏ ఆయుధం, వెంట తెచ్చుకున్నదా అక్కడ దొరికిందా, ఒంట్లో ఏ చోట కొట్టారు, ఎంత బలంగా, ఒక దెబ్బా చాలా దెబ్బలా, పాత పగ ఉందా, గొడవ అప్పటికప్పుడు రేగిందా, అదను చూసి క్రూరంగా ప్రవర్తించారా. లెక్కలోకి రాని చిన్న చిన్న విషయాలకు, చెట్టు నుంచి పండు కోయడం, పశువు దారి తప్పడం, పిల్లల గొడవ లాంటివాటికి కూడా ప్రాణాలు పోతుంటాయని, కాబట్టి ఉద్దేశాన్ని జాగ్రత్తగా తేల్చకపోతే హత్యలు తేలికైన సెక్షన్లలోకి జారిపోతాయని, తేలికైనవి హత్యలైపోతాయని కోర్టు హెచ్చరించింది.

ఇప్పుడు మన మామిడి తోట కేసు జల్లెడలో వేయండి. కంచె కర్ర పీకి, కోపంలో ఒక్క దెబ్బ వేసి, పడిపోగానే తనే ఆటో పిలిస్తే, హత్య కాని నరహత్యకు శిక్ష చెప్పే 105 కిందికి దిగే అవకాశం బాగా ఉంది. ఇంటికెళ్లి పొన్నుకర్ర తెచ్చి, కింద పడ్డాక మరో మూడు వేస్తే 103(1) కదలదు. చనిపోయిన మనిషి ఒక్కడే, గాయం తల మీదే. తేడా అంతా చుట్టూ ఉన్న వివరాల్లో ఉంది.

శిక్షల లెక్క చెబుతాను. 103(1)కి ఉరి లేదా యావజ్జీవం, జరిమానా. దీనికన్నా తక్కువ వేసే అధికారం జడ్జికి లేదు. 105 మొదటి భాగం, అంటే ఉద్దేశం ఉండి మినహాయింపు దక్కినవాటికి, యావజ్జీవం లేదా ఐదు నుంచి పదేళ్లు. కనీసం ఐదేళ్లన్నది కొత్త చట్టం తెచ్చిన మార్పు. రెండో భాగం, చావొచ్చని తెలుసు గానీ ఉద్దేశం లేదు అన్నప్పుడు, పదేళ్ల దాకా. జాతీయ రహదారి మీద నిర్లక్ష్యంగా నడిపి మనిషిని గుద్దితే 106(1), ఐదేళ్ల దాకా. పాత చట్టంలో ఇది రెండేళ్లే. పెళ్లయిన ఏడేళ్లలోపు కట్నం వేధింపులతో అసహజంగా చనిపోతే 80, కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. కులం, వ్యక్తిగత విశ్వాసం, భాష, పుట్టిన చోటు లాంటి కారణాలతో ఐదుగురో అంతకన్నా ఎక్కువ మందో కలిసి చంపితే 103(2), గుంపులో ప్రతి ఒక్కరికీ ఉరి లేదా యావజ్జీవం. తండాల్లో, ఎస్సీ పేటల్లో బాధితులుంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(2)(v) తోడవుతుంది, అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి.

రాష్ట్రానికో చట్టం మనకు లేదు. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి రాష్ట్రం సవరణ కోరవచ్చు, కానీ కేంద్ర చట్టంతో పేచీ పడే సవరణకు రాష్ట్రపతి ఆమోదం కావాలి. 2019 డిసెంబరులో మన శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు ఆ ఆమోదం లేకే చట్టం కాలేదు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు మాత్రం రాష్ట్రాల చట్టాలు తెలియాల్సిన అవసరం వచ్చిపడింది. అక్కడ హత్యను డిగ్రీలుగా విడగొట్టడం 1794లో పెన్సిల్వేనియాతో మొదలైంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన వ్యక్తి, ముందే అనుకుని చేసిన ఫస్ట్ డిగ్రీ హత్యగా నేరం ఒప్పుకున్నాడు. 2018 మేలో రాష్ట్ర కోర్టు 50 ఏళ్లు పెరోల్ లేని యావజ్జీవం వేసింది. అదే సంఘటనకు విద్వేష నేరం కింద ఫెడరల్ కోర్టు ఆగస్టులో మళ్లీ యావజ్జీవ శిక్షలు వేసింది. పెన్సిల్వేనియాలో 2012లో జరిగిన జంట హత్యల కేసులో తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 2014లో జ్యూరీ మరణశిక్ష ఖరారు చేసింది. మరుసటి సంవత్సరమే ఆ రాష్ట్ర గవర్నరు మరణశిక్షల అమలు ఆపేశారు. అక్కడ ఫస్ట్ డిగ్రీకి మరణశిక్ష లేదా పెరోల్ లేని యావజ్జీవం, థర్డ్ డిగ్రీకి 40 ఏళ్ల దాకా. మన జస్టిస్ సర్కారియా కూడా పున్నయ్య తీర్పులో నరహత్యను మూడు డిగ్రీలుగానే విడగొట్టి చూపించారు. చట్టంలో ఆ పేర్లు లేకపోయినా మెట్లు అవే.

ఐదో అంచె మాటల సాక్ష్యం. గాయపడిన మనిషి ఆస్పత్రిలో స్పృహలో ఉంటే డాక్టరు మేజిస్ట్రేటుకు కబురు పెట్టి మరణ వాంగ్మూలం తీయించాలి. కేసును నిలబెట్టే కాగితాల్లో దీనికి సాటి లేదు. ఈ విషయంలోనూ ఉపఖండం అంతటికీ దారి చూపింది మన తెలుగువాళ్ల కేసే. 1937 మార్చి 23న పూరీ రైల్వేస్టేషన్లో మూడో తరగతి పెట్టెలో దొరికిన ఇనుప ట్రంకులో, ముక్కలుగా నరికిన శవం ఉంది. చనిపోయినవాడు పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతు. రావలసిన డబ్బు తెచ్చుకోవడానికి బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి బయలుదేరాడు. ఆ మాట అన్నప్పుడు అతనికి చావు భయమే లేదు. అయినా అది చావుకు దారితీసిన పరిస్థితులను చెప్పే మాటే కాబట్టి సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో పాకాల నారాయణ స్వామి కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఇప్పటికీ సాక్ష్య అధినియమంలో 26వ సెక్షన్ కింద అదే చట్టం. కాబట్టి ఇంట్లోంచి వెళ్తూ ఎవరి పేరు చెప్పాడో, ఫోన్లో ఎవరికి ఏ మెసేజ్ పెట్టాడో గుర్తుంచుకుని చెప్పండి, ఫోన్ చెరిపేయకండి. నిందితుడు పోలీసుల ముందు ఒప్పుకున్నది మాత్రం సాక్ష్యం కాదు. "నేరం ఒప్పుకున్నాడు" అని పేపర్లో వచ్చినంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు. అతను చెప్పిన దాన్నిబట్టి కొత్తగా దొరికిన వస్తువు వరకే ఆ మాట పనికొస్తుంది.

ఆరో అంచె తొంభై రోజుల గడువు. అరెస్టయి రిమాండ్‌కు వెళ్లినప్పటి నుంచి 90 రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే, ఎంతటి హత్య కేసైనా నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. ఈలోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో బాధితులకు తెలియజేయాలని సురక్షా సంహిత 193వ సెక్షన్ పోలీసులకు చెబుతోంది. చార్జిషీట్ తిరువూరు మేజిస్ట్రేట్ కోర్టుకు వస్తుంది. అక్కడ, సెషన్స్‌కు పంపాల్సిన కేసులకు వేసే పీఆర్సీ నంబరు పడుతుంది. హత్య కేసు విచారించే అధికారం మేజిస్ట్రేటుకు లేదు కాబట్టి, కాగితాల నకళ్లు నిందితుడికి ఇచ్చి సెషన్స్ కోర్టుకు కమిట్ చేస్తారు. సెషన్స్ కోర్టులో కేసుకు ఎస్సీ నంబరు పడుతుంది, ఇక్కడ ఎస్సీ అంటే సెషన్స్ కేసు. కొత్త నంబరు రాసుకుని పెట్టుకోండి, మేజిస్ట్రేట్ కోర్టు చుట్టూ తిరిగి "మా కేసు కనపడటం లేదు" అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఏడో అంచెలో సెషన్స్ జడ్జి అభియోగం ఖరారు చేస్తారు. పోలీసులు 103 అన్నా, కాగితాలు చూసి జడ్జి 105 అనవచ్చు, అసలు నిలిచే సంగతే లేకపోతే డిశ్చార్జ్ చేయవచ్చు. 103 కింద అభియోగం పెట్టి, విచారణ తర్వాత 105 కింద శిక్ష వేయడానికి వేరే అభియోగం అక్కర్లేదు. రూలు అటువైపే నడుస్తుంది. తక్కువ సెక్షన్‌తో మొదలుపెట్టి ఎక్కువ శిక్ష వేయాలంటే మాత్రం అభియోగం మార్చి, నిందితుడికి మళ్లీ వాదించుకునే అవకాశం ఇవ్వాలి.

విచారణ ఎంతకాలం సాగి ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. తీర్పు రావడానికి 2007 జులై 31 అయింది, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఎనిమిది శవాలున్న కేసులో ఎవరు చంపారన్నది చట్టం లెక్కలో తేలకుండా పోవడం మన రాష్ట్రం మోయాల్సిన సిగ్గు. ఇరవై మూడేళ్ల కాలంలో సాక్షుల జ్ఞాపకాలు, ఎఫ్ఐఆర్ సమయాలు, స్టేట్‌మెంట్ల తేదీలు ఎలా ముక్కలవుతాయో ఆ కేసు చదివినవాళ్లకు తెలుస్తుంది. మొదటి రోజు కాగితాల మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

నేరం రుజువైతే శిక్ష మీద నిందితుడి మాట విడిగా వినాలి. ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి. ఈ నియమం 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దానికి కొద్ది వారాల ముందే మన రాష్ట్రానికి చెందిన ఎడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక యువతి ఉరిని యావజ్జీవంగా మార్చారు. 1980లో బచన్ సింగ్ తీర్పు "అరుదైనవాటిలో అరుదైన" కేసుకే ఉరి అని హద్దు గీసింది. సెషన్స్ కోర్టు వేసిన ఉరి హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు కాదు, ఎవరూ అప్పీలు వేయకపోయినా సరే. ఆ తర్వాత సుప్రీంకోర్టు, ఆపైన క్షమాభిక్ష. 1993 మార్చి 8న చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఇద్దరికి పడిన ఉరిని సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది, 1997లో అమలు దాకా వచ్చి ఆగింది, 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ యావజ్జీవంగా మార్చారు.

యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు అనే అపోహ మనవాళ్లలో గట్టిగా ఉంది. అది ఊపిరి ఉన్నంతకాలం. హత్య లాంటి నేరాల్లో పద్నాలుగేళ్లు నిండకుండా ప్రభుత్వం మాఫీ ఇవ్వకూడదన్నది మాత్రమే రూలు, నిండగానే ఇవ్వాలని ఎక్కడా లేదు. గవర్నరు ఇచ్చే మాఫీ కూడా కోర్టు పరీక్షకు అతీతం కాదని 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి, మన రాష్ట్ర గవర్నరు ఒక రాజకీయ కుటుంబానికి చెందిన ఖైదీకి ఇచ్చిన మాఫీని కొట్టేసింది.

చివరి అంచె చనిపోయినవాళ్ల కుటుంబం చేతిలో ఉంది, చాలామందికి తెలియదు. నిందితుడిని విడుదల చేసినా, 103 అడిగితే కోర్టు 105కు తగ్గించినా, పరిహారం తక్కువ ఇచ్చినా, బాధిత కుటుంబం ప్రభుత్వం మీద ఆధారపడకుండా తానే అప్పీలు వేసుకోవచ్చు. 2009 డిసెంబరు 31 నుంచి ఉన్న హక్కు ఇది, ఇప్పుడు సురక్షా సంహిత 413లో ఉంది. తీర్పు సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టాలి. అప్పీలు నేలపాడులోని హైకోర్టులో వేయాలి. లాయరుకు డబ్బు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా వాళ్లు లాయరును ఇస్తారు. బాధితుల పరిహారం అర్జీ కూడా అక్కడే ఇవ్వొచ్చు. నిందితుడు ఎవరో తెలియకపోయినా, దొరకకపోయినా ఆ పరిహారం అడిగే హక్కు ఉంటుంది.